నాన్న అంబాసిడర్ ఇంజన్ ముక్కలై గోనె సంచుల్లో ఉంది, ఎవరి మాట నమ్మాలి?

మల్కాజిగిరి నుంచి పేరు రాయొద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. ఆమెకి 42 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. తండ్రి 1968లో కొన్న మార్క్ టూ అంబాసిడర్‌ని చివరిదాకా తనే నడుపుకున్నారు. ఏడాదిన్నర కిందట ఆయన పోయారు. ఆ తర్వాత బండి తీస్తే నీలం పొగ, వేడెక్కి స్లోలో ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, మూడో గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చెయ్యడం, రెండో గేరు వేస్తే గరగరమనడం. తెలిసిన షెడ్డులో ఇస్తే మేస్త్రీ ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ దించి మొత్తం విప్పేశాడు. ఏడు నెలలైంది. సామానంతా మూడు గోనె సంచుల్లో, రెండు ఆయిల్ డబ్బాల్లో ఉంది. నలభై వేలు అడ్వాన్సు ఇచ్చారు.

ఇప్పుడు మేస్త్రీ “హాఫ్ ఇంజన్ చేస్తే చాలు, రింగులు, బేరింగులు మారుస్తా” అంటాడు. ఇంకో షెడ్డు ఆయన “బ్లాకుకి స్లీవులు (అరిగిన సిలిండర్లలో దించే కొత్త గొట్టాలు) వెయ్యాలి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మార్చాలి, లక్షా అరవై” అంటాడు. మూడో ఆయన “పాత ఇంజన్ మీద డబ్బు పెట్టకండి, ఇసుజు ఇంజన్ ఎక్కిస్తా” అంటాడు. విజయవాడలో ఉన్న అన్నయ్య “కొనేవాడున్నాడు, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేద్దాం, సెంటిమెంటుకి డబ్బు తగలెయ్యకు” అంటున్నారు. అమ్మ మాత్రం “బండెప్పుడొస్తుందే?” అని అడిగి ఊరుకుంటున్నారు. షెడ్డుకి వెళ్లి ఈమె ప్రశ్న అడిగితే మేస్త్రీ జవాబు భర్త వైపు తిరిగి చెబుతాడట. ఆర్సీ ఇంకా తండ్రి పేరు మీదే ఉంది, గడువు వచ్చే జూన్ దాకా. “నాన్న బండిని నేనే పాడుచేశానేమో అనిపిస్తోంది. ఎవరి మాట నమ్మాలి?” అని అడిగారు.

జవాబు:

ముందు ఆ చివరి మాట సంగతి. బండి మీ చేతిలో పాడవలేదు. మీరు రాసిన నాలుగు లక్షణాలూ దశాబ్దాలు తిరిగిన ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ వచ్చే అరుగుదలే. ఇవి నాన్నగారు నడిపే రోజుల్లోనే మొదలై ఉంటాయి, చేతివాటం తెలిసిన మనిషి కాబట్టి ఆయన సర్దుకుపోయి ఉంటారు. విప్పించడం కూడా తప్పు కాదు. విప్పాక కొలవకుండా ఏడు నెలలు పక్కన పడెయ్యడమే తప్పు. అది షెడ్డు చేసిన పని.

ముగ్గురు మూడు రకాలుగా చెప్పారన్నారు. అంత వివరంగా రాసిన ఉత్తరంలో ఒక్క కొలత కూడా లేదు. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) ఎంత అరిగిందో, క్రాంకు ఎంత అరిగిందో, ఇదివరకు ఎన్నిసార్లు పని జరిగిందో ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు. ఆ అంకెలు చేతికి రాకముందు హాఫ్ ఇంజన్ అన్నా, స్లీవులన్నా, లక్షా అరవై అన్నా అంతా ఊహే. కాబట్టి ఎవర్ని నమ్మాలన్న ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. ముందు కొలతలు తీయించండి. అమ్మాలన్నా, ఉంచుకోవాలన్నా, అన్నయ్యతో మాట్లాడాలన్నా ఆ కాగితం ఉండాలి.

అంతకంటే ముందు, ఈ వారంలోనే ఆ సంచులు విప్పించండి. గోనె సంచి తేమని పట్టి ఉంచుతుంది. ఒక్క వానాకాలం చాలు, క్రాంకు జర్నళ్ల (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాల) మీద తుప్పు మచ్చలు దిగడానికి. ఆ మచ్చలు దిగితే మామూలు పాలిష్‌తో పోయే క్రాంకుని గ్రైండింగ్‌కి పంపాల్సి వస్తుంది. ఒక పాత దుప్పటి పరిచి అన్నీ వరసగా పెట్టి ఫోటోలు తీయండి. క్రాంకు ఒకటి, మెయిన్ బేరింగ్ క్యాప్‌లు మూడు, కనెక్టింగ్ రాడ్లు వాటి క్యాప్‌లతో నాలుగు, క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిపించే ఇరుసు) ఒకటి, ట్యాపెట్లు ఎనిమిది, పుష్ రాడ్లు ఎనిమిది, రాకర్లు ఎనిమిది ఉండాలి. ఏ రాడ్‌కి ఆ క్యాపే పడాలి, అవి కలగలిసిపోకుండా నంబర్లు చూసి జతలు కట్టండి. బ్లాకు మీద ఇంజన్ నంబరుని ఆర్సీతో పోల్చి ఫోటో తీసుకోండి. చివరికి అన్నిటికీ ఇంజన్ ఆయిల్ పూసి ప్లాస్టిక్ కవర్లలో చుట్టించండి. క్రాంకుని నిలబెట్టి ఉంచడం మంచిది.

ఆ పని చేస్తూనే మీరు ఒక్క పనిముట్టు లేకుండా చాలా తెలుసుకోవచ్చు. పాత బేరింగ్ షెల్ ఒకటి తీసుకుని వెనక్కి తిప్పండి. ఎస్‌టీడీ అనో, 010 అనో, 020 అనో అచ్చు ఉంటుంది. ఎస్‌టీడీ అంటే ఈ క్రాంకు ఎప్పుడూ గ్రైండ్ కాలేదు. 020 అంటే 20 థౌ దాకా అయిపోయింది (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, షెడ్డుల్లో లెక్కంతా ఇందులోనే). ఈ ఇంజన్‌కి 40 థౌ దాకా బేరింగులు వచ్చేవి. ఆ లోపు ఉంటే “క్రాంకు మార్చాలి” అన్నాయన కారణం చూపించాలి. షెల్ లోపలి వైపు బూడిద రంగు పొర అరిగి రాగి రంగు తేలితే బేరింగులు అయిపోయినట్టే, మీ ప్రెషర్ పడిపోవడానికి ఒక కారణం దొరికినట్టే. తర్వాత క్రాంకు జర్నల్ మీద గోరు అడ్డంగా లాగండి. గోరు గీతల్లో చిక్కుకుంటే గ్రైండింగ్ తప్పదు. పిస్టన్ నెత్తి మీద మసి గోకితే అక్కడా సైజు కనిపిస్తుంది. అచ్చు లేకపోయినా, ఎస్‌టీడీ అని ఉన్నా, బోరు ఇంకా కంపెనీ సైజే, అంటే 73.025 మిల్లీమీటర్లు. ప్లస్ 040 అని ఉంటే మాత్రం స్లీవులన్నాయన మాట నిజం కావచ్చు.

ఆ తర్వాత బ్లాకు, క్రాంకు, హెడ్ మూడింటినీ బోరింగ్, క్రాంకు గ్రైండింగ్ చేసే లేత్ షాపుకి పంపండి. వీలైతే మీరే వెళ్లండి. బాలానగర్ వైపు, ఆటోనగర్‌లో ఈ పని చేసేవాళ్లున్నారు. పని అప్పుడే మొదలుపెట్టొద్దని, కొలతలు మాత్రం రాసి ఇమ్మని అడగండి. బోరు గేజ్‌తో ప్రతి సిలిండర్‌నీ పైన, మధ్యన, కింద, క్రాంకు పొడవు వైపూ దానికి అడ్డంగానూ కొలవాలి. క్రాంకు జర్నళ్లని మైక్రోమీటర్‌తో రెండు దిక్కుల్లో కొలవాలి. బ్లాకుకీ హెడ్‌కీ పగుళ్లు చూడాలి. ఆయిల్ పంపు విప్పి రోటర్ల సందు ఫీలర్ గేజ్‌తో చూడాలి, లోబుల మధ్య 6 థౌ దాటితే పంపు మార్చాల్సిందే.

ఆ అంకెల్ని ఎలా చదవాలో చెబుతాను. బోరు పైభాగంలో అరుగుదల 8 థౌ లోపు ఉండి, గుండ్రం పోకుండా ఉంటే మీ మేస్త్రీ చెప్పిన హాఫ్ ఇంజన్ న్యాయమైన మాటే. హోనింగ్ (సిలిండర్ గోడని రాతితో సన్నగా రుద్దడం) చేసి కొత్త రింగులు వేసుకోవచ్చు. అయితే సిలిండర్ పైఅంచున పాత రింగు ఎక్కని చోట మిగిలిన గట్టుని తప్పకుండా తీయించాలి. తియ్యకపోతే కొత్త పై రింగు దానికి తగిలి విరుగుతుంది, వెయ్యి కిలోమీటర్లు తిరక్కుండానే పొగ మళ్లీ మొదలవుతుంది. హాఫ్ ఇంజన్‌కి చెడ్డపేరు రావడానికి సగం కారణం ఈ గట్టే. 8 థౌ దాటితే బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వెయ్యాలి. అప్పుడు రింగులతో సరిపెడతానన్న మాట ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. 40 థౌ కూడా అయిపోయి ఉంటేనే స్లీవులు. స్లీవు వేస్తే బండి పాడైపోతుందని భయపడకండి. సరిగ్గా బిగుతుగా దించి బోరు చేస్తే మళ్లీ కంపెనీ సైజుకి వస్తుంది, మీ బ్లాకూ దాని నంబరూ మీకే మిగులుతాయి.

ఇక్కడ ఒక వరస తప్పకూడదు. పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగ్, బేరింగులు చేతికొచ్చాకే క్రాంకు గ్రైండింగ్. ఈ బండికి అన్ని సైజులూ ఎప్పుడూ దొరకవు. రాణీగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లో అడిగితే 20 లేకపోయినా 30 దొరకొచ్చు. ముందే 20కి కోయించేస్తే ఆ 30 కోసం మళ్లీ కొయ్యాలి, ఇనుము ఒకసారి పోతే తిరిగి రాదు. పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గ సందు వదిలి చివర హోనింగ్ చెయ్యడం పద్ధతి. రింగుని ఒట్టి సిలిండర్‌లో పెట్టి కొలిస్తే సందు 8 నుంచి 13 థౌ మధ్య రావాలి.

ఆయిల్ ప్రెషర్ విషయంలో చాలామంది వదిలేసేది క్యామ్‌షాఫ్ట్ బుష్‌లు. మెయిన్ బేరింగులు, పంపు మార్చి, క్యామ్ బుష్‌లు వదిలేస్తే వేడి మీద స్లోలో ప్రెషర్ మళ్లీ జారిపోతుంది. బాగున్న ఇంజన్‌లో వేడి మీద నడుస్తున్నప్పుడు సుమారు 50 పౌండ్లు, స్లోలో 15 దగ్గర ఉండాలి. ఇంకోటి, ఈ ఇంజన్ వెనక మెయిన్ దగ్గర ఇప్పటి బండ్లలో ఉండే రబ్బరు సీలు ఉండదు. క్రాంకు మీద కోసిన మరలాంటి గాడే ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది. కొద్దిగా చెమ్మ రావడం దాని స్వభావం. ఎక్కువ కారితే మెయిన్ బేరింగ్ సందో, బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోవడమో చూడమనండి. “సీలు మార్చా” అని బిల్లు వేస్తే ఏ సీలో చూపించమనండి.

బ్లాకుని కడిగేటప్పుడు కోర్ ప్లగ్గులు, ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు తీసి కడగాలి. బోరింగ్ పొడి గ్యాలరీలో మిగిలితే కొత్త బేరింగులు మొదటి రోజే గీసుకుపోతాయి. ఇక మన ఊళ్లో ఇంకో బాధ ఉంది. ఏళ్ల తరబడి రేడియేటర్‌లో బోరునీళ్లు పోసిన బండ్లలో నాలుగో సిలిండర్ చుట్టూ నీటి దారిలో సున్నపు పెచ్చు, తుప్పు బురద గట్టిపడి ఉంటాయి. అది గోకి తియ్యకుండా ఇంజన్ ఎంత బాగా చేసినా మే నెలలో తార్నాక సిగ్నల్ దగ్గర వేడెక్కి ఆగిపోతుంది. రేడియేటర్ కూడా విప్పించి రాడ్డింగ్ చేయించండి, తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేమీ పొయ్యొద్దు.

హెడ్ విషయానికొస్తే, నీలం పొగ ఎప్పుడు వచ్చేదో గుర్తు తెచ్చుకోండి. దిగుడులో కాలు తీసి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే గుప్పుమంటే వాల్వ్ గైడ్ల (వాల్వు కాడ ఆడే గొట్టాల) తప్పు. ఎక్కుడులో ఆగకుండా వస్తుంటే రింగులు. గైడ్లు మార్చేటప్పుడే ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు వేయించడం మంచిది. ఈ ఇంజన్ సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో పుట్టింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే, ఒట్టి పోత ఇనుము మీద వాల్వు కూర్చుంటే అక్కడ మెల్లగా దిగిపోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు ఇథనాల్‌ని తట్టుకునే రకం వేయించండి. పాత పైపు మెత్తబడి ఇంజన్ మీద పెట్రోలు కారితే నిప్పు అంటుకుంటుంది, ఇందులో పొదుపు చూడకండి.

గేర్‌బాక్స్ మీద ఎవరూ మీకేమీ చెప్పలేదు, మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బెంగ పెట్టింది అదే. మూడో గేరు జారడానికి కారణం చిన్నదీ కావచ్చు, పెద్దదీ కావచ్చు. సెలెక్టర్ రాడ్డుని పట్టి ఉంచే బంతి, స్ప్రింగు బలం తగ్గినా జారుతుంది. స్టీరింగ్ కింది లింకేజీ బుష్‌లు అరిగి గేరు పూర్తిగా పడకపోయినా, ఇంజన్ మౌంటింగ్ రబ్బరు పోయినా జారుతుంది. ఇవన్నీ చవక పనులు. ఫోర్కు అరిగినా, గేరు పక్కనుండే పళ్ల మొనలు గుండ్రబడినా సామాను మార్చాలి. పళ్లని వెలుతురులో పట్టుకుని పక్క నుంచి చూడండి. మొన పదునుగా ఉన్న పన్నుకీ అరిగి వాలిన పన్నుకీ తేడా మీకే తెలుస్తుంది. రెండో గేరు గరగరకి సింక్రో రింగు (గేరు పడేముందు వేగాలు కలిపే ఇత్తడి రింగు) అరగడం మామూలు కారణం. రింగుని దాని కోను మీద నొక్కితే, రింగుకీ గేరు పళ్లకీ మధ్య సందు కనబడాలి, ఆనుకుపోతే రింగు అయిపోయింది. మొదటి గేరుకి ఈ బాక్సులో సింక్రో లేనే లేదు, బండి ఆగాకే వెయ్యాలి. అది కుయ్‌మనడం రోగం కాదు, మార్చాలన్నవాళ్ల మాట వినకండి. టాప్‌లో నిశ్శబ్దంగా ఉండి మిగతా గేర్లలో మోగేదా? అయితే లేషాఫ్ట్ (బాక్సులో కింద ఉండే రెండో ఇరుసు), దాని సూది రోలర్లు చూడాలి. షాఫ్ట్ మీద రోలర్లు తవ్విన గాడి ఉంటే షాఫ్ట్, రోలర్లు, థ్రస్ట్ వాషర్లు కలిపే మార్చాలి.

బాక్సు దించి ఉంది కనుక క్లచ్ ప్లేటు, కార్బన్ రిలీజ్ బేరింగ్, క్రాంకు తోకలో ఉండే చిన్న బుష్ ఇప్పుడే మార్పించండి. తర్వాత వాటి కోసం మళ్లీ బాక్సు దించడానికి అయ్యే కూలీ ఆ సామాను ఖరీదుని మించుతుంది. గేర్‌బాక్స్‌లో జీఎల్-5 అని రాసి ఉన్న ఆయిల్ పొయ్యనివ్వకండి. డిఫరెన్షియల్‌కి అది మంచిదే, సింక్రో రింగుల ఇత్తడికి మాత్రం పడదు.

ఇప్పుడు ఇసుజు మాట. 1990ల్లో అంబాసిడర్‌కి కంపెనీయే 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్సు ఇచ్చింది కాబట్టి ఆ ఆలోచన గాలి మాటేమీ కాదు. బండి చురుగ్గా పోతుంది, సామాను తేలిగ్గా దొరుకుతుంది, రోజూ నడపాలనుకునేవాళ్లకి పనికొచ్చే దారే. కానీ మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్, గేరు రాడ్డు కోసం ఫ్లోరు, అన్నీ మారతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి, బీమా కంపెనీకీ చెప్పాలి. పైగా 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. మీ బండికి వయసు ఎప్పుడో సరిపోయింది. ఇంజన్ మార్చిన రోజున ఆ తలుపు మూసుకుంటుంది, అమ్మినా ఆ మేరకు ధర పడిపోతుంది.

అయితే వింటేజ్ రిజిస్ట్రేషన్ అందరికీ మంచిదని కూడా అనను. దానికింద ఉన్న బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే రోడ్డెక్కాలి. కొత్తగా చేయిస్తే 20 వేలు ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. అమ్మగారిని ప్రతి శనివారం గుడికి ఆ బండిలో తీసుకెళ్లాలని మీ కోరికైతే మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకోవడం మేలు.

అందుకే అమ్మగారిని ఒకసారి కూర్చోబెట్టుకుని అడగండి. “బండెప్పుడొస్తుందే” అన్న మాటకి అర్థం అందులో ఎక్కాలనా, ఇంటి ముందు కనబడితే చాలనా? కనబడితే చాలంటే ఇంజన్ కూర్చోబెట్టి, బండిని శుభ్రంగా నిలబెట్టి, గేర్‌బాక్స్ సామాను దొరికినప్పుడు నెమ్మదిగా చేయించుకోవచ్చు. ఖర్చు రెండు మూడేళ్ల మీద పరుచుకుంటుంది. ఎక్కాలంటే బ్రేకులు, స్టీరింగ్, టైర్లు కూడా లెక్కలో చేరతాయి, ఆ డబ్బు ఇంజన్ కొటేషన్‌లో లేదని గుర్తుంచుకోండి.

అన్నయ్యగారి మాటని శత్రువు మాటలా వినకండి. ఏడు నెలలుగా ముక్కలైన బండి మీద చెల్లెలు డబ్బు పోస్తోందని దూరం నుంచి చూసేవాళ్లకి అలాగే అనిపిస్తుంది. కాకపోతే విప్పిన ఇంజన్‌తో అమ్మితే కొనేవాడు ప్రతి తెలియని కొలతనీ చెడ్డదిగానే లెక్కేస్తాడు, పాత ఇనుము ధర పక్కనే బేరం మొదలుపెడతాడు. కొలతల కాగితం, ఫోటోలు, సామాను జాబితా ఉంటే అదే బండికి వేరే ధర వస్తుంది. అంటే అమ్మాలన్న ఆయన కోరికకీ ఈ కొలతల ఖర్చు పనికొస్తుంది, ఆ మాట ఆయనకి చెప్పండి. వీలునామా లేకపోతే నాన్నగారి ఆస్తిలో అమ్మగారికీ, అన్నయ్యగారికీ, మీకూ సమాన హక్కు. ఏ ఒక్కరూ మిగతావాళ్ల సంతకం లేకుండా అమ్మలేరు, మార్చనూ లేరు. ఉంచుకునేది మీరైతే ఈరోజు ఉన్నది ఉన్నట్టు ధర ఎంతో ముగ్గురూ ఒప్పుకుని ఆయన వాటా ఇచ్చెయ్యండి. బాగుచేశాక పెరిగే విలువ మీద తగవు రాదు.

మేస్త్రీ దగ్గర రెండు దారులున్నాయి. ఏడు నెలలు ఊరుకున్నా, విప్పిన మనిషికి బిగించడం తేలిక. కొలతలు చూశాక ఆయన మాట కాగితంతో కలిస్తే ఆయనతోనే చేయించండి, కానీ పద్దు రాయించుకుని. లేత్ బిల్లు మీరు నేరుగా కట్టండి, సామాను మీరే కొనండి, ఆయనకి కూలీ విడతలుగా ఇవ్వండి. క్రాంకు కూర్చున్నాక ఒకటి, హెడ్ ఎక్కాక ఒకటి, రోడ్డు మీద నడిచాక చివరిది. తీసిన పాత సామాను మీకు తిరిగి రావాలి. ఆయన కొలతలే వద్దంటే అడ్వాన్సులో విప్పిన కూలీ పోగా మిగిలింది అడిగి బండిని కదిలించండి. అడ్వాన్సు మొత్తం తిరిగొస్తుందన్న ఆశ పెట్టుకోకండి, దానికోసం బండిని అక్కడే ఇంకో వానాకాలం ఉంచకండి కూడా. ఇక మీ వైపు చూడకుండా జవాబు చెప్పడం గురించి. తర్వాతిసారి ఒక్కరే వెళ్లి, కాగితం చేతిలో పెట్టుకుని “మూడో బోరు కింద ఎంత వచ్చింది? బేరింగులు ఏ సైజు తెప్పిస్తున్నారు?” అని అడగండి. అంకె అడిగిన మనిషికి అంకెతోనే జవాబు చెప్పాలి, ఆ జవాబు పక్కనున్నవాళ్లకి చెప్పి తప్పించుకోవడం కుదరదు.

బిగించే రోజు మీరు అక్కడ ఉండగలిగితే ఉండండి. టార్క్ రెంచ్ లేకుండా బిగిస్తానంటే ఆపండి. మెయిన్ క్యాప్‌లకి 70 పౌండ్-అడుగులు, రాడ్ బోల్టులకి 35. ప్రతి క్యాప్ బిగించాక క్రాంకుని చేత్తో తిప్పి చూడాలి. ఏ క్యాప్ దగ్గర బిగుసుకుందో అక్కడే ఆగి వెతకాలి, అన్నీ బిగించాక వెతికితే దొరకదు. పాత ట్యాపెట్లు వాడితే ఏ లోబు మీదిది ఆ లోబు మీదే పడాలి, సంచిలో కలిసిపోయాయి కాబట్టి క్యామ్, ట్యాపెట్లు కొత్తవి వేయించడమో, ట్యాపెట్ల ముఖాలు గ్రైండ్ చేయించడమో తప్పకపోవచ్చు. ట్యాపెట్ సందు 15 థౌ. స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి గేజ్‌లో ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. అంటుకున్నాక స్లోలో వదలకుండా 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు ఉంచాలి, లేకపోతే కొత్త క్యామ్ లోబులు అప్పుడే అరగడం మొదలుపెడతాయి. 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్, జింక్ ఎక్కువున్న రకం వాడండి. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, హెడ్ నట్లు మళ్లీ టార్క్ చేయించి, ట్యాపెట్లు సరిచూడండి. ఆ లోపు 60 దాటకుండా, టాప్ గేర్లో గుంజకుండా, పొద్దున్నే కీసర వైపు వేగం మారుస్తూ తిప్పితే రింగులు బాగా కూర్చుంటాయి.

ఇదంతా జరిగేలోపు ఆర్సీ పని మొదలుపెట్టండి. దానికి ఇంజన్ తయారయ్యేదాకా ఆగక్కర్లేదు. యజమాని చనిపోతే వారసుల పేరు మీదకి మార్చడానికి ఫారం 31, మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు, అమ్మగారు, అన్నయ్యగారు ఇచ్చే నిరభ్యంతర పత్రాలు కావాలి. ఇది మూడు నెలల్లో జరగాల్సిన పని, కాబట్టి ఆలస్యానికి జరిమానా ఉండొచ్చు, ముందు మీ ఆర్టీఏలో కనుక్కోండి. రెన్యువల్‌కి మాత్రం బండి నడిచి తనిఖీకి వెళ్లాలి. గడువు జూన్ అంటున్నారు కాబట్టి మార్చి కల్లా ఇంజన్ అంటుకోకపోతే జూన్ అందదనుకుని, ఆలస్యపు ఫీజు కూడా ఖర్చులో రాసుకోండి. ఆ తేదీ కోసం తొందరపడి బోరింగ్‌కి ముందు పిస్టన్ల కోసం ఆగడం మానెయ్యకండి.